తుక్కు శిల్పాలు: బొమ్మలో చెత్త కనిపించాలి

"పాత ఇనప సామాన్లు కొంటాం, ప్లాస్టిక్ డబ్బాలు కొంటాం, అట్టపెట్టెలు కొంటాం" అనే కేక తెలుగు ఊళ్ళలో ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. తోపుడు బండి పోయి ట్రాలీ ఆటో వచ్చింది, నోటి కేక పోయి రికార్డు చేసిన గొంతు వచ్చింది, అంతే తేడా. విరిగిన కుర్చీ కాలు, పాత ఫ్యాను మోటారు, తుప్పు పట్టిన గేటు, ఏదైనా సరే తూకం వేసి డబ్బులిచ్చి పట్టుకెళ్తారు. అక్కడి నుంచి అది పాత ఇనుము కొట్టుకు, కొట్టు నుంచి కొలిమికి వెళ్ళి మళ్ళీ కడ్డీ అవుతుంది. మన దేశంలో ఇనుము వీధిలో పడి ఉండదు. పడి ఉంటే తెల్లారేసరికి ఎవరో ఒకరు ఏరుకుంటారు.

ఈ చిన్న విషయం గుర్తు పెట్టుకుని చూస్తే, నగరాల కూడళ్ళలో, పార్కుల్లో, బీచ్‌ల దగ్గర కొన్నేళ్ళుగా వెలుస్తున్న తుక్కు శిల్పాలు కొత్త ప్రశ్న వేస్తాయి. "వ్యర్థం నుంచి అద్భుతం", "చెత్త నుంచి కళ" అని వాటి ముందు బోర్డులు ఉంటాయి. ప్రజల్లో పర్యావరణ స్పృహ పెంచడానికే వాటిని పెట్టామని చెబుతారు. వాటిలో ఎక్కువ భాగం ఇనుముతో చేసినవే. కొనేవాడు ఉన్న సరుకుతో బొమ్మ చేస్తే ఏ చెత్త తగ్గినట్టు? చెత్త తగ్గించడం దాని పని కాదనుకుంటే, చూసేవాళ్ళ ఆలోచనలో అది ఏం మార్చాలి?

తెనాలి నుంచే మొదలుపెట్టవచ్చు. తెనాలిలో విగ్రహాల తయారీ పాత వృత్తి. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర చాలా ఏళ్ళుగా పాత వాహనాల విడిభాగాలతో శిల్పాలు చేస్తున్నారు. 2021లో వాళ్ళు చేసిన ప్రధాని మోదీ విగ్రహం 14 అడుగులది. దానికి దాదాపు రెండు టన్నుల తుక్కు పట్టింది. నట్లు, బోల్టులు, బేరింగులు, బైకు చైన్లు, గేరు చక్రాలు, స్ప్రింగులు. ఇలాంటి పనిలో కష్టమంతా ఎంపికలో ఉంటుంది. బంకమట్టి అయితే వేలితో ఒత్తితే ముక్కు వస్తుంది. ఇనుప తుక్కు అలా లొంగదు. బుగ్గ ఒంపుకు సరిపోయే ఒంపు ఏ పాత భాగంలో ఉందో గుట్టలో వెతికి పట్టుకోవాలి. లోపల చట్రం నిలబెట్టి, దాని మీద ఒక్కో ముక్కను వెల్డింగ్‌తో అతుకుతూ పోవాలి. ఒక ముక్క తేడాగా పడితే మొహం మారిపోతుంది.

ఈ నైపుణ్యం గొప్పది, దాన్ని గొప్పదనే చెప్పాలి. కానీ అది పర్యావరణానికి చేసిన మేలు అనడం వేరే మాట. ఆ రెండు టన్నుల ఇనుము బొమ్మగా మారకపోతే డంపింగ్ యార్డుకు పోయేది కాదు, కొలిమికి పోయేది. ఇలాంటి శిల్పం చేయగలిగేది ఇంకొకటి ఉంది. విరిగిన వస్తువును చూసే చూపును మారుస్తుంది. బైకు చైను జడలా, బేరింగు కనుగుడ్డులా కనిపించిన పిల్లవాడు ఇంట్లో పాడైన వస్తువును వెంటనే పారేయకుండా ఒకసారి తిప్పి చూస్తాడు. అది చిన్న ఫలితమే, కానీ నిజమైన ఫలితం. అంతకు మించి ఆ బొమ్మ మీద బరువు మోపితే అబద్ధం చెప్పించినట్టవుతుంది.

ఢిల్లీలో ఆ బరువు చాలా పెద్దగా మోపారు. 2019 ఫిబ్రవరిలో సరాయ్ కాలే ఖాన్ దగ్గర అప్పటి దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ 'వేస్ట్ టు వండర్' పార్కు తెరిచింది. తాజ్ మహల్, ఐఫిల్ టవర్, గీజా పిరమిడ్, పీసా వాలు గోపురం, రోమ్ కొలోసియం, రియో క్రీస్తు విగ్రహం, న్యూయార్క్ లిబర్టీ విగ్రహం, ఈ ఏడింటి నమూనాలను కార్పొరేషన్ గోదాముల్లో మూలుగుతున్న పాత సామానుతో చేశారు. పట్టిన తుక్కు దాదాపు 150 టన్నులు, ఖర్చు సుమారు ఏడున్నర కోట్లు. జనం విరగబడి వచ్చారు. ఆ ఊపులో 2021 చివర్లో పంజాబీ బాగ్‌లో 'భారత్ దర్శన్' పార్కు వచ్చింది. అందులో మన చార్మినార్ కూడా తుక్కుతో నిలబడింది. ఆ తర్వాత 2023లో షహీదీ పార్కు వచ్చింది.

150 టన్నులు అంటే పెద్ద అంకెలాగే వినిపిస్తుంది. ఢిల్లీ నగరంలో రోజుకు పుట్టే చెత్త దాదాపు 10 వేల టన్నులు. లెక్క వేస్తే 150 టన్నుల చెత్త పోగవడానికి ఆ నగరానికి అరగంట కూడా పట్టదు. అదే నగరంలో తూర్పు వైపు గాజీపూర్ డంపింగ్ యార్డు ఉంది. 1984లో మొదలైన ఆ గుట్ట 2002కే నిండిపోయింది. అయినా చెత్త పోస్తూనే ఉన్నారు. 2019 నాటికి దాని ఎత్తు 65 మీటర్ల దాకా చేరింది. కాబట్టి ఇలాంటి పార్కుల విలువను టన్నుల్లో కొలవడం మొదటి పొరపాటు. బోర్డు మీద టన్నులు రాసి గర్వపడటం మానేస్తే మంచిది.

రెండో విషయం టన్నుల కంటే ముఖ్యమైనది. ఆ పార్కులో నడిచే మనిషి ఆలోచన ఎటు పోతుంది? తాజ్ మహల్ నమూనా ముందు నిలబడితే తాజ్ మహల్ గుర్తొస్తుంది. అచ్చం అలాగే ఉందా లేదా అని చూస్తారు, ఫొటో దిగుతారు, తర్వాతి వింత దగ్గరికి వెళతారు. బొమ్మ చెప్పే కథ ఒకటి, దాన్ని చేసిన సరుకు కథ ఇంకొకటి. రెండూ ఎక్కడా కలవవు. పోలిక ఎంత బాగా కుదిరితే తుక్కు అంత బాగా దాక్కుంటుంది. కుటుంబంతో సాయంత్రం గడపడానికి అది మంచి చోటు. పాడుబడిన సామానుకు అందమైన ఉపయోగం దొరికింది. నగరపాలక సంస్థకు టికెట్ల మీద ఆదాయం కూడా వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ బయటికి వచ్చిన మనిషి తన ఇంటి చెత్త బుట్ట గురించి ఆలోచించడానికి అక్కడ కారణం ఏదీ దొరకదు.

చండీగఢ్‌లోని రాక్ గార్డెన్‌కు వెళితే తేడా తెలుస్తుంది. అది ప్రభుత్వం తలపెట్టిన అవగాహన కార్యక్రమం కాదు. నేక్ చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టరు ఎవరికీ చెప్పకుండా చేసుకున్న పని. దేశ విభజనలో ఊరు పోగొట్టుకుని ఇటు వచ్చిన మనిషి ఆయన. లె కార్బూజియే అనే విదేశీ వాస్తుశిల్పి ప్రణాళిక ప్రకారం చండీగఢ్ నగరాన్ని కడుతున్నప్పుడు అక్కడున్న పల్లెలను ఖాళీ చేయించి కూల్చేశారు. ఇళ్ళు కూలినప్పుడు మిగిలేవి ఏమిటి? పగిలిన కుండలు, పెంకులు, పింగాణీ ముక్కలు, గాజు ముక్కలు, విరిగిన గాజులు. కొత్త నగరం లేచేటప్పుడు మిగిలేవి ఏమిటి? పగిలిన వాష్‌బేసిన్లు, కాలిపోయిన ట్యూబులైట్లు, కరెంటు ఫ్యూజులు, ఖాళీ తారు డ్రమ్ములు. నేక్ చంద్ 1957 ప్రాంతం నుంచి సైకిల్ మీద వీటిని, వాగుల్లో దొరికే వింత ఆకారాల రాళ్ళను మోసుకొచ్చి సుఖ్నా చెరువు దగ్గరి అడవిలో దాచాడు. అది ఏ నిర్మాణానికీ అనుమతి లేని ప్రభుత్వ భూమి. పగలు ఉద్యోగం, ఆ తర్వాత ఈ పని. దాదాపు 18 ఏళ్ళు ఎవరి కంటా పడలేదు.

1970ల మధ్యలో అధికారులు దాన్ని కనిపెట్టేటప్పటికే అక్కడ ఎకరాల కొద్దీ వందల బొమ్మలు వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. చట్టం ప్రకారం కూల్చేయాలి. జనం చూసి ముచ్చటపడ్డారు, కొందరు పెద్ద అధికారులు అండగా నిలిచారు. 1976లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. నేక్ చంద్‌కు జీతం ఇచ్చి, కూలీలను ఇచ్చి ఆ పని మీదే ఉంచారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ తోట సుమారు 40 ఎకరాలు. 2015లో ఆయన చనిపోయాడు.

అక్కడి బొమ్మలను దగ్గరగా చూడాలి. లోపల ఎముకల గూడులా పాత సైకిల్ భాగాలు. పైన సిమెంటు. దాని మీద ఒంటి నిండా రంగురంగుల గాజు ముక్కలు. నాట్యం చేసే ఆడవాళ్ళ వరస ముందు నిలబడితే, వాళ్ళ ఒంటి మీద పావడాలా మెరుస్తున్నది ఎవరెవరో చేతులకు వేసుకుని చిట్లిన గాజులని తెలుస్తుంది. పల్లెల్లో గాజుల మలారం దగ్గర చేయి చాచిన అమ్మల తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది, కాబట్టి ఈ దృశ్యం తెలుగు మనసుకు వేరే ఎవరూ విడమరచి చెప్పకుండానే అందుతుంది. ఇక్కడ సరుకు దాక్కోలేదు. వాష్‌బేసిన్ ముక్క వాష్‌బేసిన్ ముక్కగానే గోడలో కనిపిస్తుంది. అది ఎక్కడిది అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఈ నగరం కట్టడానికి కూల్చిన ఊళ్ళది, ఈ నగరమే పారేసినది అనే జవాబు కూడా అక్కడే ఉంటుంది. ఏ ఊరి చెత్త ఆ ఊరికి ఎదురుగా నిలబడింది. రాక్ గార్డెన్‌కు అర్ధ శతాబ్దంగా ఉన్న బలం దీనిలోనే ఉంది.

ఆ ఊరి జనం దాన్ని తమదిగా భావించారనడానికి కూడా ఆధారం ఉంది. 1990 ప్రాంతంలో రోడ్డు కోసం అందులో కొంత కూల్చడానికి బుల్డోజర్లు వచ్చినప్పుడు జనం చేయీ చేయీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. కోర్టు కూడా తోట పక్షానే నిలిచింది. 2025లో మాత్రం హైకోర్టు వైపు రోడ్డు వెడల్పు, పార్కింగ్ కోసమని దాని గోడలో ఒక భాగాన్ని కూల్చారు. నిరసనలు జరిగాయి, అయినా గోడ పోయింది. కూల్చిన ఊళ్ళ శిథిలాలతో పుట్టిన తోటలో మళ్ళీ శిథిలాలు పోగయ్యాయి.

ఇనుముకు కొనేవాడున్నాడు, గాజుపెంకు కాలువ గట్టున పడి ఉన్నా విషం కాదు. ఇప్పటి అసలు చెత్త వేరు. దేశంలో 2020-21లో సుమారు 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు వచ్చాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అందులో నీళ్ళ సీసాలు, పాల కవర్లు, డబ్బాల్లాంటి వాటికి ఎంతో కొంత ధర ఉంది, ఏరేవాళ్ళు ఏరుతారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, గుట్కా పొట్లాలు ఎవరూ ఏరరు. వాటిలో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర, మళ్ళీ ప్లాస్టిక్ పొర అతుక్కుని ఉంటాయి. విడదీయడం కష్టం, విడదీసినా గిట్టుబాటు కాదు. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం జాబితాలో స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు ఉన్నాయి, ఈ ప్యాకెట్లు లేవు. కాలువల్లో అడ్డం పడేవి, ఆవుల కడుపుల్లో చేరేవి, వర్షానికి కొట్టుకుపోయి సముద్రంలో కలిసేవి ఎక్కువగా ఇలాంటి పల్చటి కవర్లు, ప్యాకెట్లే. తుక్కు శిల్పం నిజంగా పర్యావరణం గురించి మాట్లాడదలచుకుంటే ఈ కొనేవాడు లేని చెత్త వైపు రావాలి.

సముద్రతీరాల్లో కొందరు కళాకారులు ఆ పని చేస్తున్నారు. 2017లో ఫిలిప్పీన్స్‌లోని నాయిక్ అనే తీరంలో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు సుమారు 50 అడుగుల చనిపోయిన తిమింగలాన్ని ప్లాస్టిక్ చెత్తతో చేసి ఇసుక మీద పడుకోబెట్టారు. నిజంగా తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చిందేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళితే తెరిచిన నోట్లో ప్లాస్టిక్ కవర్లు. 2018లో బెల్జియంలోని బ్రూజ్ నగరంలో స్టూడియో కెసిఎ అనే అమెరికన్ సంస్థ కాలువలోంచి పైకి దూకుతున్న నీలం తిమింగలాన్ని నిలబెట్టింది. ఎత్తు 11 మీటర్లకు పైనే. హవాయి తీరాల్లో ఏరిన దాదాపు ఐదు టన్నుల ప్లాస్టిక్ దాని ఒళ్ళు. ఈ రెండింటిలో సరుకూ బొమ్మా ఒకే కథ చెబుతున్నాయి. ఏ ప్రాణికి ఏది ముప్పో, ఆ ప్రాణి దానితోనే తయారైంది. మళ్ళీ ఎవరూ వివరించనక్కర్లేదు.

పోర్చుగల్ కళాకారుడు బొర్దాలో సెకండ్ ఇదే సంగతిని ఇంకా సూటిగా చెప్పాడు. పాత కారు బంపర్లు, టైర్లు, ప్లాస్టిక్ చెత్త డబ్బాలతో ఆయన గోడల మీద పెద్ద పెద్ద జంతువులను చేస్తాడు. పోర్టో నగరానికి నది అవతల ఉన్న గయాలో 2017లో ఒక వీధి మూల మీద కుందేలును చేశాడు. భవనానికి ఒక వైపున్న సగం రంగులు వేసి ముద్దుగా ఉంటుంది. మూల తిరిగితే రెండో సగం రంగు లేకుండా, అచ్చం చెత్త కుప్పలా ఉంటుంది. ఢిల్లీ పార్కు కప్పిపెట్టిన దాన్ని ఈ కుందేలు సగానికి సగం తెరిచి పెట్టింది. మన కార్పొరేషన్లు శిల్పానికి టెండరు పిలిచేటప్పుడు చూసి నేర్చుకోదగిన బొమ్మ ఏదైనా ఉంటే అది ఈ కుందేలే. తుక్కు శిల్పానికి మెరిసే ఎనామిల్ పెయింటు కొట్టించడంతోనే సగం మాట పోతుంది.

చూసేవాళ్ళ సంగతి ఇలా ఉంటే చేసేవాళ్ళ సంగతి వేరు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని బ్యాండన్ అనే చిన్న తీరపట్నంలో ఏంజెలా హేసల్‌టైన్ పోజీ అనే డ్రాయింగ్ టీచరు 2010లో 'వాష్డ్ అషోర్' అనే పని మొదలుపెట్టారు. ఊరి జనం బీచ్‌కు వెళ్ళి ప్లాస్టిక్ ఏరుకొస్తారు. దాన్ని కడుగుతారు, ఆరబెడతారు, రంగుల వారీగా విడదీస్తారు. చెప్పులు, లైటర్లు, సీసా మూతలు, తాళ్ళు, టూత్‌బ్రష్‌లు. ఆ ముక్కలకు బెజ్జాలు పెట్టి తీగతో కుట్టి చేపలు, పక్షులు, సీల్ జంతువులు చేస్తారు. అవి ఊరూరా ప్రదర్శనలకు వెళ్ళాయి, వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలకూ వెళ్ళాయి. అక్కడ బొమ్మ కంటే ముందు జరిగే పని ముఖ్యం. వంద టూత్‌బ్రష్‌లను చేత్తో కడిగిన మనిషికి ఒక టూత్‌బ్రష్ ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. శిల్పం చూసేవాడికి రెండు నిమిషాల అనుభవం, చెత్త విడదీసేవాడికి కొన్ని వారాల అనుభవం. ఈ రెండోదే ఎక్కువ నిలుస్తుంది. కానీ మన దగ్గర శిల్పం కాంట్రాక్టు ఇస్తారు, లారీలో వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. ఊరి వాళ్ళ చేయి ఎక్కడా పడదు.

మన దేశంలో చెత్తను చేత్తో విడదీసేవాళ్ళు లేరా అంటే, లక్షల్లో ఉన్నారు. వాళ్ళ పేరు మాత్రం ఏ శిల్పం కింద ఫలకం మీదా ఉండదు. బ్రెజిల్‌లో రియో దగ్గర జార్దిమ్ గ్రామాషో అనే పెద్ద డంపింగ్ యార్డు ఉండేది, 2012లో మూసేశారు. అది నడుస్తున్నప్పుడు విక్ మునీజ్ అనే కళాకారుడు అక్కడ చెత్త ఏరుకునేవాళ్ళ ఫొటోలు తీసి, వాళ్ళు ఏరిన సరుకుతోనే, వాళ్ళ చేతులతోనే వాళ్ళ రూపాలను ఒక పెద్ద గోదాము నేల మీద పరిపించాడు. పైనుంచి ఫొటో తీశాడు. ఒక ఫొటోను లండన్‌లో వేలం వేసి వచ్చిన డబ్బు ఆ కార్మికుల సంఘానికి ఇచ్చారు. రీసైక్లింగ్ అనే మాట వెనక ఉన్నది యంత్రం కాదు, మనిషి అని ఆ చిత్రాలు గుర్తు చేశాయి. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ యార్డు దగ్గరా, ప్రతి మున్సిపాలిటీ చెత్త కుప్ప దగ్గరా గోనెసంచితో తిరిగే వాళ్ళున్నారు. వాళ్ళను పక్కన పెట్టి రీసైక్లింగ్ మీద కళ చేయడం సరైన పని కాదు.

ఇలాంటి కళకు సొంత చిక్కులూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. ప్లాస్టిక్ బొమ్మను ఆరుబయట పెడితే ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ఊడ్చడానికి కూడా అందదు, నేరుగా మట్టిలోకి, నీళ్ళలోకి పోతుంది. మన ఎండల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అంటే చెత్త గురించి హెచ్చరించాల్సిన బొమ్మే పట్టించుకోకపోతే చెత్త పుట్టిస్తుంది. దానికి నీడ, ఏటా మరమ్మతు, చివరికి ఏ రోజున విప్పి ఎక్కడికి పంపాలో ముందే రాసి పెట్టుకున్న లెక్క ఉండాలి. జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి నిలబెట్టే సీసాల బొమ్మల విషయంలో ఇంకో ప్రశ్న అడగాలి. ఆ సీసాలు నిజంగా ఎవరో తాగి పారేసినవా, లేక ఒకే సైజులో అందంగా ఉండాలని కొట్టు నుంచి తెప్పించినవా? ప్లాస్టిక్ అమ్మే కంపెనీయే శిల్పానికి డబ్బిచ్చి తన పేరు రాయించుకుంటే, ఏటా ఎంత ప్లాస్టిక్ మార్కెట్లోకి వదులుతోందో కూడా ఆ ఫలకం మీదే రాయమనడం న్యాయం.

మన తీరంలో ఇలాంటి పని ఎలా ఉండవచ్చో ఊహించడం కష్టం కాదు. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక తీరాల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో అటవీశాఖ ఆ గుడ్లను కాపాడి పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. అదే నెలల్లో వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చిరిగిన నైలాన్ వలలు, తెగిన తాళ్ళు, థర్మాకోల్ ముక్కలు తీరం పొడవునా దొరుకుతాయి. ఆ వలలతోనే ఒక తాబేలు. విడదీసే పని బెస్త వాడల పిల్లలతో, వలలు బాగు చేసే చేతులతో. ఏ వల ఎలా ముడి వేయాలో వాళ్ళకు తెలిసినంత ఏ శిల్పికీ తెలియదు. రంగు వేయకూడదు. పక్కన ఒక బోర్డు, దాని మీద టన్నుల లెక్క కాకుండా ఈ వల ఏ రేవు దగ్గర దొరికింది, ఏ నెలలో దొరికింది అన్న రెండు ముక్కలు.

జపాన్‌లో ఉనో అనే రేవు పట్నంలో ఇలాంటిదే ఒకటి 2010 నుంచి ఉంది. యోదోగావా టెక్నిక్ అనే కళాకారులు అక్కడి సముద్రంలో దొరికే ఒక చేప రూపాన్ని, అదే సముద్రంలోంచి తీసిన చెత్తతో రేవులో నిలబెట్టారు. ఎండకు వానకు దాని రంగులు వెలుస్తాయి. అప్పుడు పాత ముక్కలు తీసి, మళ్ళీ సముద్రం ఇచ్చిన కొత్త చెత్తను అతికిస్తారు. చేప మాత్రం అదే చేప.